పడవ పెట్టె

మా తోటలో ఫ్రిజ్జు చచ్చిపోయింది. 2023 మార్చిలో, శోభకృతు ఉగాది వెళ్ళిన మూడో నాడు. చచ్చిపోయేముందు రాత్రంతా గుర్రుగుర్రుమని మూలిగి, తెల్లవారేసరికి కిక్కురుమనకుండా ఊరుకుంది. తలుపు తీస్తే పచ్చిమిరపకాయలు ఉడికిన వాసన వచ్చింది.

మా నూజివీడు వైపు వాళ్ళకి ఏడాదికి రెండే కాలాలు. మామిడికాయ చెట్టు మీద ఉండే కాలం ఒకటి, లేని కాలం ఒకటి. 2022లో కృష్ణాజిల్లా నుంచి మమ్మల్ని తీసి ఏలూరు జిల్లాలో పెట్టారు గాని, ఈ కాలాలను మాత్రం ఎవరూ మార్చలేకపోయారు. కాయ కాస్త ఎదిగి, కాపలా అవసరమయ్యే రోజులు రాగానే మా అమ్మ రెండు చీరల పెట్టె, ఒక మరచెంబు, ఒక విసనకర్ర పట్టుకుని తోటలో ఉన్న రెండుగదుల పెంకుటింటికి చేరుతుంది. ఆఖరి రసాలు దిగేదాకా పట్నం ముఖం చూడదు. ఆవిడకు ఎనభైయ్యో ఏడు. కాపురానికి వచ్చినప్పటినుంచీ ఒక్క ఏడూ తప్పలేదట.

అంతకుముందు ఏళ్ళయితే ఫ్రిజ్జు పోయిందని నేను ఇంత కంగారుపడేవాణ్ణి కాదు. తోటలో ఉన్నది మోటారు లైను. కరెంటు ఉన్నంతసేపు పెట్టె చల్లగా ఉండేది, లేనప్పుడు గోరువెచ్చగా ఉండేది. మజ్జిగకి అది చాలు. కాని ఆ శీతకాలంలోనే అమ్మకి చక్కెర జబ్బు ముదిరి, డాక్టరుగారు మాత్రలు చాలవని ఇన్సులిన్ మొదలుపెట్టారు. రెండు పూటలా సూది. తెరవని సీసాలు రెండు డిగ్రీల నుంచి ఎనిమిది డిగ్రీల లోపల ఉండాలి, గడ్డకట్టకూడదు. వాడుతున్న సీసా ఒక నాలుగు వారాలు బయట ఉండవచ్చుగాని, అదీ ముప్ఫై డిగ్రీలు దాటని చోట. మా తోటలో వైశాఖం ఎండకి పెంకుల కింద నలభై దాటుతుంది.

"ఈ ఏడు అత్తయ్యగారు పట్నంలోనే ఉండాలి. అంతే," అంది మా ఆవిడ.

"పట్నంలో కూచుని సూదులు పొడిపించుకోడానికా? నేను వెళతాను," అంది అమ్మ.

ఇద్దరూ నా వైపు చూశారు. ముప్ఫై నాలుగేళ్ళు లెక్కలు చెప్పి ఏడాది కిందట రిటైరైన బడిపంతుల్ని నేను. ఎవరి పక్షం చెప్పినా రెండో పక్షంవారు భోజనం దగ్గర మౌనం పాటిస్తారని ఎరిగినవాణ్ణి. అంచేత "ముందు ఫ్రిజ్జు సంగతి చూద్దాం" అని తప్పుకున్నాను.

మెకానిక్కు వచ్చి వెనకభాగం తడిమి చూసి పెదవి విరిచాడు. నా దగ్గర చదువుకున్న కుర్రాడే.

"గ్యాసు పోయింది మాస్టారూ. ఇది పన్నెండో నంబరు గ్యాసు. ఇప్పుడెక్కడా లేదు."

ఆ గ్యాసు కథ మీలో చాలామంది వినే ఉంటారు. ఒకప్పుడు అది వాసన లేనిది, మంట అంటనిది, మహా సాధువు అని లోకమంతా మెచ్చుకుంది. తీరా చూస్తే అది పైకి పోయి భూమికి గొడుగులాంటి ఓజోను పొరను తినేస్తోందని తేలింది. 1987లో మాంట్రియల్‌లో చాలా దేశాలు ఒడంబడిక చేసుకున్నాయి. మనం 1992లో చేరి, 2008లో అలాంటి గ్యాసుల తయారీ మానేశాం. తరువాత వేరే గ్యాసులు వచ్చాయి. ఇప్పటి ఇంటి ఫ్రిజ్జుల్లో చాలావాటిలో ఉండేది ఐసోబ్యూటేను. మన వంటగ్యాసుకి దగ్గరి చుట్టం. కొద్ది గ్రాములే పోస్తారు. 1989లో కొన్న మా పెట్టెకి అది పట్టించాలంటే ఇంజనూ, అందులో నూనే, సన్నగొట్టమూ అన్నీ మార్చాలి. తలా కాళ్ళూ మార్చేసి మనిషి మాత్రం అతనే అంటే ఎలా కుదురుతుంది? పాతదానికి దణ్ణం పెట్టాను.

ఆ రాత్రే హ్యూస్టన్ నుంచి మా బావ ఫోను చేశాడు. మా అక్క మొగుడు. ఇంజనీరుగా రిటైరై, ఆ పక్కనే ఉన్న గాల్వెస్టన్ అఖాతంలో తిరగడానికి ఇరవైయేడు అడుగుల పాత తెరచాప పడవ ఒకటి కొన్నాడు. మా అక్క దాన్ని సవతి అంటుంది.

"ఏవోయ్, నా పడవలో ఫ్రిజ్జు పోయింది," అన్నాడు కుశలప్రశ్నలకు ముందే.

నాకు నవ్వాగలేదు. "నా తోటలోదీ పోయింది బావా," అన్నాను.

ఇద్దరం ఏడ్వవలసిన చోట నవ్వుకున్నాం. తరువాత మూడు వారాలు రోజు విడిచి రోజు మాట్లాడుకున్నాం. ఎందుకంటే బావ ఒక మాట అన్నాడు: "మనిద్దరిదీ ఒకటే లెక్క. నడిసముద్రంలో పడవా, నడితోటలో ఇల్లూ ఒకటే. బయటినుంచి తీగ రాదు, వచ్చినా నమ్మకం లేదు. ఉన్నదాంతోనే చలి పుట్టించుకోవాలి."

అన్నిటికన్నా పాత పద్ధతి ఐసుగడ్డ. అది చిన్న సంగతి కాదు. 1833లో టస్కనీ అనే తెరచాప ఓడ అమెరికాలోని బోస్టన్ నుంచి నూట ఎనభై టన్నుల ఐసు ఎత్తుకుని నాలుగు నెలలు ప్రయాణం చేసి కలకత్తా చేరింది. దించేటప్పటికి ఇంకా నూరు టన్నుల దాకా మిగిలే ఉందట! చెరువుల మీద కోసిన గడ్డలను రంపపు పొట్టుతో కప్పి తెచ్చారు. మద్రాసు సముద్రపుటొడ్డున ఐస్ హౌస్ అని ఒకటి ఉంది, వివేకానందస్వామి 1897లో బసచేసిన ఇల్లు. అది మొదట కట్టింది ఆ ఐసు దాచడానికే. "చూశావా, యంత్రం లేదు, పొట్టే యంత్రం," అన్నాడు బావ. నిజమే. కాని మా తోటకి రోజూ ఐసు ఎవరు తెస్తారు? తెచ్చినా, సూదిమందు ఐసుకి తగిలితే గడ్డకడుతుంది, కరిగిన నీళ్ళలో మునిగితే మూత తడుస్తుంది.

రెండోది, బావ పడవలో ఉన్నది. పడవ ఇంజనుకి పట్టీ తగిలించి తిప్పే యంత్రం. గంటసేపు ఇంజను తిప్పితే ఒక పలకలో ఉప్పునీరు గడ్డకడుతుంది, అది రోజంతా చలి పంచుతుంది. తెరచాప ఓడల్లో చలియంత్రాలు కొత్తవేం కావు. 1882లో డునెడిన్ అనే ఓడ న్యూజిలాండు నుంచి లండనుకి గడ్డకట్టిన మాంసం మోసుకుపోయింది. ఓడను తోసింది గాలి, చలిని పుట్టించింది బొగ్గు. అయితే చలి కోసం రోజూ ఇంజను తిప్పడం చలిమంట కోసం ఇంటిదూలం కాల్చినట్టేనని బావ బాధ.

మూడోది కిరసనాయిలు ఫ్రిజ్జు. 1922లో స్వీడనులో ఇద్దరు విద్యార్థులు, ప్లాటెన్, మంటర్స్ అనేవాళ్ళు కనిపెట్టారు. కింద దీపం వెలిగిస్తే పైన చల్లబడుతుంది. తిరిగే భాగం ఒక్కటీ లేదు. వింటే ఇంద్రజాలం. కాని అది సమంగా నిలబడి ఉంటేనే పనిచేస్తుంది, పడవేమో ఒక పక్కకి ఒరిగే ప్రయాణం చేస్తుంది. మా తోట ఒరగదుగాని, నలభై మూడు డిగ్రీల ఎండలో ఆ పెట్టెకి ఊపిరాడదు. పైగా పెంకుటింట్లో పగలూ రాత్రీ దీపం వెలిగించి దాని పక్కన మా అమ్మని ఒంటరిగా పడుకోబెట్టడానికి నాకు మనసొప్పలేదు.

నాలుగోది విజయవాడలో దుకాణదారు చూపించాడు. కారులో పెట్టుకునే చిన్నపెట్టె, చవక. ఇంజను లేదు, చప్పుడు లేదు. కొనేద్దామనుకున్నాను. బావ ఆపాడు. "అది బయటి వేడికన్నా ఒక ఇరవై డిగ్రీలు మాత్రం దించుతుంది. తీసివేత నీకు వచ్చుగా?" నలభై మూడులోంచి ఇరవై పోతే ఇరవై మూడు. నాకు కావలసింది ఎనిమిది. ఆ చవక సరుకుకి దణ్ణం.

అయిదోది, మామూలు ఇంటి ఫ్రిజ్జు కొని ఇన్వర్టరు తగిలించడం. మా ఆవిడకి ఇది నచ్చింది. కాని ఇన్వర్టరు తనకోసం కొంత కరెంటు తాను తింటుంది. పక్కకి తెరిచే తలుపు తీసినప్పుడల్లా, బరువుగా ఉండే చల్లగాలి చెంబులోంచి నీళ్ళు ఒలికినట్టు కిందికి ఒలికిపోతుంది.

ఆరోది, ఈనాడు పడవలవాళ్ళు ఎక్కువగా వాడేది. పైకి తెరిచే పెట్టె. దానికి బాటరీ మీద తిన్నగా నడిచే పన్నెండు వోల్టుల చిన్న ఇంజను. డెన్మార్కు వాళ్ళ డాన్‌ఫాస్ పేరుతో పేరుపడి ఇప్పుడు సెకాప్ పేరుతో వస్తున్న బి.డి.35 అనే ఇంజను ఇలాంటిదే. సూర్యరశ్మితో నడిచే టీకామందుల పెట్టెల్లో కూడా ఈ తరహా ఇంజనే పెడతారని బావ చెప్పినప్పుడు నా చెవులు నిక్కబొడుచుకున్నాయి. టీకామందుకి పనికొచ్చింది సూదిమందుకి పనికిరాదా?

ఇక నా లెక్కలు మొదలయ్యాయి. ఇంజను తిరిగేటప్పుడు నలభై అయిదు వాట్లు. మా ఎండలకి రోజులో సగం తిరుగుతుందనుకుంటే పన్నెండు గంటలు. మొత్తం అయిదువందల నలభై. నూరు వాట్ల సూర్యపలకలు రెండు పెడితే, గట్టి ఎండ అయిదు గంటలు లెక్కేసుకున్నా వెయ్యి. దుమ్ముకీ, వేడికీ, తీగకీ మూడోవంతు పోయినా ఇంకా మిగులే. రాత్రికీ మబ్బుకీ వంద ఆంపియర్-గంటల బాటరీలు రెండు. వాటిని సగానికన్నా కిందికి దింపకూడదు. దింపితే త్వరగా చస్తాయి. ఖరీదు మామూలు ఫ్రిజ్జుకి రెండింతల పైచిలుకు. మా ఆవిడ కాగితం చూసి, "మందుల పెట్టె ఖరీదులో మనిషిని పట్నంలో ఉంచి ఏ.సీ. పెట్టచ్చు," అంది. లెక్కప్రకారం ఆవిడ మాటే ఒప్పు. కాని ఎనభైయ్యేళ్ళ మనిషిని లెక్కప్రకారం ఎక్కడుంచగలం?

బావ ఇంకో పాఠం చెప్పాడు. "ఎంత చలి పుట్టిస్తావన్నది కాదు, ఎంత పోకుండా చూస్తావన్నది ముఖ్యం." తన పడవలో పాత పెట్టె విప్పి చూస్తే గోడల్లోని బెండు నీళ్ళు పీల్చి చెమ్మ గుడ్డలా ఉందట. ఎంత గొప్ప ఇంజను పెడితే ఏం ప్రయోజనం? నేను నాలుగంగుళాల మందం ఉన్న గోడల పెట్టె వెదికి కొన్నాను. దాన్ని ఇంటికి ఉత్తరపు గదిలో, గోడకి జానెడు ఎడంగా, ఇంజనుకి గాలాడేటట్టు పెట్టాను.

అంతా అయ్యాక అసలు పేచీ వచ్చింది. సూర్యపలకలు ఇంటి కప్పు మీద పెడదామంటే ఇంటి మీద నీడ. ఆ నీడ చిన్నరసం చెట్టుది. అమ్మ కాపురానికి వచ్చిన ఏడు నాన్న నాటిన అంటు. పలక మీద ఒక మూల నీడపడినా మొత్తం పలక చతికిలపడుతుంది. బావకీ అదే బాధ, ఆయనకి తెరచాప నీడ. పలకలు బిగించడానికి వచ్చిన కుర్రాడు చెట్టుకేసి చూసి, "దక్షిణం కొమ్మలు రెండు కొట్టేస్తే సరి," అన్నాడు.

అమ్మ వాకిట్లో కూచుని పిందెలు ఏరుతోంది. తల ఎత్తలేదు.

"ఒరేయ్ అబ్బాయీ, నన్ను ఇక్కడ ఉంచడానికేనా ఈ పెట్టె?"

"అవునమ్మా."

"ఆ కొమ్మలు లేకపోతే నేనిక్కడ ఉండేది దేనికి?"

ఇక మాట్లాడటానికేముంది? ముప్ఫై గజాల అవతల ఎండలో ఉన్న మోటారు షెడ్డు మీద పలకలు పెట్టించాను. అంత దూరం పన్నెండు వోల్టుల కరెంటు లాగితే సగం దారిలోనే నీరసించిపోతుంది. అంచేత రెండు పలకలనూ వరసగా కలిపి వోల్టేజి పెంచి, లావు రాగితీగతో ఇంటికి తెచ్చి, బాటరీ పక్కన తగ్గించుకునే సాధనం పెట్టాం. ఖర్చు ఇంకా పెరిగింది. చెట్టు మాత్రం చెక్కుచెదరలేదు.

మొదటి రాత్రి నేను చేసిన ఘనకార్యం కూడా చెప్పాలి. కొత్త ఇంజను సత్తా చూద్దామని మీట ఆఖరుకి తిప్పి, సీసాలను చల్లపలకకి ఆనించి పెట్టాను. తెల్లారి ఉష్ణమాపకం చూస్తే సున్నాకి రెండు డిగ్రీలు కింద. ఒక సీసా గడ్డకట్టింది. చేతిలో పెట్టుకుంటే కరిగి, చూడటానికి మామూలుగానే ఉంది.

"కరిగిందిగా, వాడెయ్. డబ్బు దండగ," అంది అమ్మ.

"ఒకసారి గడ్డకడితే అందులో గుణం పోతుందమ్మా. చూపుకి తెలియదు," అన్నాను.

ఆవిడ కళ్ళెదుటే సీసా పారబోశాను. ఇన్నాళ్ళూ పిల్లలకి తప్పుల మీద గంట్లు పెట్టిన చెయ్యి కాస్త వణికింది. ఆ రోజు నుంచి మీట మధ్యలో ఉంచి, సీసాలను గుడ్డసంచీలో చుట్టి పలకకి దూరంగా బుట్టలో పెట్టాం. పొద్దునా సాయంత్రం అంకె రాయడం అమ్మ పని. నాలుగు, అయిదు, నాలుగు, అయిదు. గోడ మీద బొగ్గుతో. పాలలెక్క రాసినట్టు.

ఆ పెట్టెలో అమ్మ మామిడికాయ మాత్రం పెట్టనివ్వలేదు. "పచ్చికాయ చలికి చస్తుంది," అనేది. పుస్తకాలూ అదే చెబుతాయి. పన్నెండు పదమూడు డిగ్రీలకన్నా కిందికి పోతే పచ్చి మామిడి తొక్క మీద నల్లమచ్చలు వచ్చి, సరిగా ముగ్గక, చప్పబడుతుంది. అందుకే మామిడిని దాచే శీతలగిడ్డంగుల్లో పదమూడు డిగ్రీల దగ్గర ఆపుతారు. మా అమ్మకి డిగ్రీలు తెలియవు. వరిగడ్డిలో వేసిన కాయ ఎన్నో రోజుకి పలుకుతుందో ముక్కు చెబుతుంది. కార్బైడు పొడి వెయ్యకూడదని చట్టం చెప్పకముందే, "మందేసిన కాయకి రంగే గాని రసం ఉండదు," అని అది గడప తొక్కనివ్వలేదు.

వైశాఖంలో ఒక సాయంత్రం గాలివాన వచ్చింది. కలెక్టరు కాయలూ బంగినపల్లీ చెట్లకింద పరుపు పరిచినట్టు రాలాయి. కరెంటు స్తంభాలు పడిపోయాయి. మర్నాడూ, ఆ మర్నాడూ ఎండ లేదు. రాలిన కాయల్లో దెబ్బ తగలనివి ఏరించి, పచ్చడికి పోయేవి పోగా మిగిలినవి వచ్చిన ధరకి ఇచ్చేశాను. ఏడాది రాబడిలో మూడోవంతు ఆ ఒక్క గంటలో పోయింది. అమ్మ ఒక్క మాటా అనలేదు. లోపలికి వెళ్ళి అంకె రాసింది. అయిదు.

రెండోరోజు మధ్యాహ్నం వానలో ఆటో దిగి మా ఆవిడ వచ్చింది. చంకలో స్టీలు కారియరు. మూత తీస్తే ఇన్సులిన్ సీసాలు. మావి రెండు, పక్కింటివాళ్ళవి మూడు.

"ముందురోజు నుంచీ పట్నంలో కరెంటు లేదండీ. మన కొత్త ఫ్రిజ్జు వేడెక్కిపోయింది. పక్కింటాయన గోలపెడుతున్నారు. పెట్టెలో చోటుందా?"

అమ్మ లేచి మూత తీసింది. "ఉందమ్మాయ్. పలకకి ఆనించకు," అంది.

వానకి చల్లబడటం వల్ల ఇంజను తక్కువ తిరిగింది. మందపు గోడలు చలి పోనివ్వలేదు. మూడోరోజు పొద్దుటికి బాటరీలు సగానికి దిగాయో లేదో, తూర్పున ఎండ పొడిచింది. ఆ రాత్రి మా ఆవిడ తోటలోనే పడుకుంది. అత్తాకోడళ్ళు చాలాసేపు మాట్లాడుకున్నారు. ఏం మాట్లాడుకున్నారో నేను అడగలేదు. పట్నంలో ఉండాలన్న మాట మాత్రం మళ్ళీ మా ఇంట్లో వినపడలేదు.

ఇంతకీ బావ ఏం కొన్నాడని అడుగుతారేమో. ఏమీ కొనలేదు! నాకు ఇన్ని పాఠాలు చెప్పి, తాను పడవలోని చెమ్మ బెండు పీకించి కొత్త బెండు దట్టించి, అందులో ఐసు వేసుకుని తిరుగుతున్నాడు. "నేను పడవలో ఉండేది శనాదివారాలు. రెండు రోజులకి ఐసు చాలు. నీది మూడు నెలల ప్రయాణం," అన్నాడు. ఒకే లెక్కకి ఇద్దరికీ వేరువేరు జవాబులు వచ్చాయి. రెండూ ఒప్పే. బడిలో అయితే ఒకరికి సున్నా వేసేవాణ్ణి.

ఆఖరి రసాలు దిగిన రోజున అమ్మ పెట్టె సర్దుకుంది. గోడ మీద బొగ్గు అంకెలు బారులు తీరి ఉన్నాయి. సున్నం వేయిస్తానంటే వద్దంది.

"ఉండనీరా. మళ్ళీ ఏడు వాటికిందే మొదలుపెడతాను," అని, పడవ పెట్టె మూత మీద చేత్తో ఒకసారి తుడిచి, మరచెంబు అందుకుంది.